అండ్ల నవ్వేదేమున్నది?

పోయిన నెలలో ఒకరోజు పొద్దున్నే నా చిన్ననాటి నేస్తం అండాలు ఫోన్ చేసింది. "ఇల్లు బిల్డరుకు ఇచ్చేసినమే సుజా. వచ్చే ఆయితారం నుంచి కూలగొడతరట. ఒకసారి వచ్చి చూసిపో, మళ్ళ నన్ననకు" అంది. పొయ్యి మీద కూర ఆపేసి, మియాపూర్‌లో మెట్రో ఎక్కి, ఊరు ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్ళిపోయాను. దిల్‌సుఖ్‌నగర్ రాగానే వయసు మర్చిపోయి, రైలు అద్దానికి ముక్కు ఆనించి మా సందు కోసం వెతకడం మొదలుపెట్టాను. కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఏ సందూ మాదిలా కనిపించలేదు. ఎల్బీనగర్‌లో దిగి ఆటోలో వెనక్కి వస్తే మాత్రం అదే రెండంతస్తుల ఇల్లు, అదే పచ్చగేటు, గేటు దగ్గర అండాలు. యాభై దాటిన ఇద్దరు ఆడవాళ్ళం నడిరోడ్డు మీద చేతులు పట్టుకుని గెంతినంత పని చేశాం. పై వాటాలోని ఖాళీ గదుల్లో తిరుగుతూ ఇద్దరం ఒకేసారి మాట్లాడుకుంటూ పోయాం. తిరుగు ప్రయాణంలో ఆ మాటలన్నీ ఇంకా చెవుల్లో గింగురుమంటూనే ఉన్నాయి. అందులో ఒక ముచ్చట రాయకపోతే ఊపిరాడేలా లేదు.

మేం తణుకు పక్క పల్లె నుంచి ఆ ఇంటి పై వాటాలోకి దిగినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. నాన్నకు నగరంలో ప్రభుత్వాఫీసులో గుమస్తా ఉద్యోగం. ఇంటివారు నర్సింహారెడ్డి గారివి అక్కడే తాతల నాటి భూములు. ఆయన ద్రాక్షతోటని ప్లాట్లు చేసి అమ్మి, తనకు ఉంచుకున్న ముక్కలో ఈ ఇల్లు కట్టారు. పందిరి రాళ్ళు ఇంకా కొన్ని అక్కడక్కడా పాతేసి ఉండేవి. మేం వాటిని గుర్రాలు చేసుకుని ఎక్కేవాళ్ళం. పొద్దున పూట బండలు పేల్చేవాళ్ళు ఎర్రజెండా ఊపి ఈల వేస్తే, పిల్లలమంతా చెవులు మూసుకుని గోడ వెనక్కి పరిగెత్తడం, ఢామ్మని మోగగానే కేరింతలు కొట్టడం. ఒక్కో వానకి ఒక్కో వీధి బురదలో మునిగేది, ఒక్కో ఆదివారానికి ఒక్కో ఇల్లు పైకి లేచేది. అన్నిటికంటే పెద్ద సంబరం లారీ రావడం. సామాను లారీ మలుపు తిరగగానే దాని వెనక పడేవాళ్ళం. బీరువా దిగకముందే "మీదే ఊరు?" అని అడిగేవాళ్ళం. నల్లగొండ, ఏలూరు, కరీంనగర్, నెల్లూరు. ఒకసారి బ్యాంకులో పనిచేసే తమిళులు, ఇంకోసారి నాందేడ్ నుంచి మరాఠీ వాళ్ళు. ప్రతి లారీలోంచీ మంచాలతో పాటు ఒక కొత్త మాటతీరు దిగేది. మా కాలనీ అంత ఉత్సాహమైన చోటు భూమ్మీద ఇంకోటి ఉంటుందని నేను అనుకోలేదు.

కింద వాటాలో నర్సింహారెడ్డి గారు, ఆయన భార్య, ఒక్కతే కూతురు అండాలు, ఆయన తల్లి బుచ్చమ్మ గారు. అండాలు వాళ్ళమ్మ ఎప్పుడూ వెనక కొట్టంలో బర్రెల దగ్గరే కనిపించేది. ఇంటి ముందు రాజ్యం మాత్రం బుచ్చమ్మ గారిది. కాలనీ అంతా ఆవిణ్ణి 'అవ్వ' అనేది. పొద్దుటి పూట కింద నుంచి పేడనీళ్ళ కళ్ళాపి వాసన, ఆ వెంటనే జొన్నరొట్టె కాలే వాసన, మధ్యాహ్నానికి అవ్వ బుగ్గన పెట్టుకునే తంబాకు వాసన మెట్లెక్కి వచ్చేవి. పైనుంచి మా ఇంగువ పోపు కిందికి దిగేది. పెద్దవాళ్ళని వరస పెట్టి గౌరవంగా పిలవాలని అమ్మ నన్ను కూచోబెట్టి నేర్పింది. నేను వెళ్ళి "మామ్మగారూ" అన్నాను. అవ్వ తంబాకు ఉమ్మేసి మరీ నవ్వింది. "మామ్మ ఏందే పిల్లా? మామ పెండ్లాం అత్త గాదా? అవ్వ అను, సాలు." పైకి వచ్చి చెబితే అమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "అవ్వ ఏంటే, ముష్టివాళ్ళని పిలిచినట్టు! మామ్మగారనే అను." అలా ఆ ఇంట్లో మెట్లెక్కితే మామ్మగారు, మెట్లు దిగితే అవ్వ.

అమ్మ చెడ్డది కాదు. కిందివాళ్ళకి కూర ఇవ్వకుండా తను తినేది కాదు. కానీ ఆ మాటతీరు నాకు అంటుకుంటుందేమోనని దగ్గు జలుబులకన్నా ఎక్కువ భయపడేది. నేను "ఏంది" అంటే నెత్తి మీద మొట్టేది. "ఎట్ల" అంటే, "ఎలా అను, మళ్ళీ అను" అని పదిసార్లు అనిపించేది. అండాలు పేరు విన్న మొదటి రోజు, "అండాలేంటి, గిన్నెలూ తపేలాలూ లాగా" అని నవ్వింది. నాన్న పేపరు మడిచి, "అది ఆండాళ్ తల్లి పేరే. మన గోదాదేవి" అని చెప్పాక కాస్త తగ్గింది. ఆ నాన్న మాత్రం తక్కువా? రాత్రి భోజనాల దగ్గర బస్సు కండక్టర్నీ, ఆఫీసు జవానునీ, టాంకరు డ్రైవర్నీ అనుకరించి చూపించేవాడు. "ఓ అమ్మా, జర ముంగటికి జరుగున్రి!" అని గొంతు మార్చి అంటే అమ్మా నేనూ అన్నం మింగలేక నవ్వేవాళ్ళం. నాకు ఆ యాస అచ్చంగా పట్టుబడింది అక్కడే. పగలంతా అవ్వ దగ్గర విని, రాత్రి నాన్న దగ్గర ఎలా అంటే నవ్వొస్తుందో నేర్చుకునేదాన్ని.

కింద వాటాలో పాఠం దీనికి తలకిందులు. నర్సింహారెడ్డి గారికి తన కూతురు 'మంచి తెలుగు' మాట్లాడాలని పట్టుదల. ఒకరోజు మెట్ల దగ్గర అమ్మని ఆపి, "మేడంగారూ, మా పిల్లకు జర మీ తెలుగు నేర్పున్రి. రేపు కాలేజీకి పోతే నలుగురిల నవ్వులపాలు గావద్దు" అన్నారు. అమ్మ పొంగిపోయింది. ఆ రోజు నుంచి అండాలు మా వంటింటి గడప మీద కూచుని 'వచ్చారు, వెళ్ళారు, తిన్నారు' అని అప్పజెప్పేది. బడిలో అయితే ఇంకా కష్టం. ఇంగ్లీషు మీడియం కాన్వెంటే గానీ తెలుగు క్లాసు ఒకటుండేది. "నిన్న మా ఇంటికి సుట్టాలు ఒచ్చిన్రు" అన్నందుకు అండాలుని బెంచీ ఎక్కించారు. మేమంతా నవ్వాం. ఆ తర్వాత అది క్లాసులో నోరు తెరవడమే మానేసింది. బడికెళ్ళే దారిలో మాత్రం నాతో గలగలా మాట్లాడేది. బడి గేటు దగ్గరికి రాగానే ఆ గొంతు ఎవరో కుళాయి కట్టేసినట్టు ఆగిపోయేది. నాకది వింతగా ఉండేది గానీ బాధ అనిపించలేదు. నిజం చెప్పాలి కదా.

ఆ ఏడు పంద్రాగస్టుకి బళ్ళో నాటిక వేయాలని వసంత టీచరు నిర్ణయించారు. ఆవిడే రాశారు. పట్నంలో ఒక చదువుకున్న ఇల్లాలు, ఆవిడ దగ్గరికి కొత్తగా పనికి కుదిరిన ఎల్లి. ఎల్లికి అమ్మగారి మాటలు అర్థం కావు. అదే హాస్యం. ఎల్లి ఇక్కడి యాసలో మాట్లాడాలి. టీచరు క్లాసులో నలుగురి చేత అనిపించి చూశారు, ఎవరికీ కుదరలేదు. నేను లేచి నడుం మీద చెయ్యి వేసుకుని, మోకాలు పట్టినట్టు ఒక కాలు ఈడ్చి, "ఏంది బిడ్డా, పొద్దటి సంది ఏడ తిరుగుతున్నవ్?" అన్నాను. క్లాసంతా విరగబడింది. టీచరు కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "నువ్వే ఎల్లివి!" అన్నారు. ఆ క్షణంలో నా ఒళ్ళు నాకు తెలియలేదు. అండాలు నా వైపు చూసిన చూపు కూడా తెలియలేదు.

ఇంట్లో ఇక పండగే. అమ్మ దగ్గరుండి డైలాగులు చెప్పించింది. ఏ నెత్తి మీద మొట్టి మాన్పించిందో ఆ మాటల్నే, "ఇంకాస్త సాగదియ్యవే, అలా కాదు, ఆవిడలా" అని కిందికి వేలు చూపించి నేర్పింది. వేషానికి చీర కావాలి. మా ఇంట్లో చీరలు అందుకు నప్పవు. నేనే కిందికి పరిగెత్తి, "అవ్వా, నాటకానికి నీ చీర ఇస్తవా?" అని అడిగాను. అవ్వ సంబరం చూడాలి! సందూకలోంచి ఎర్రంచు ఆకుపచ్చ నేతచీర తీసింది. పంద్రాగస్టు నాడు తెల్లవారి తలంటు పోసుకుని, తనే నాకు గోచీ పెట్టి కట్టింది, కాళ్ళకి తన వెండి కడియాలు గుడ్డపేలికలు చుట్టి తొడిగింది. "గీ చీర నా బిడ్డ లగ్గానికి కట్టిన. మంచిగ ఆడు బిడ్డా" అని బుగ్గలు పుణికింది. ఏం వేషం అని అడగలేదు. నేను చెప్పలేదు.

బడి పక్క ఖాళీ ప్లాటులో షామియానా. ముందు వరసలో కుర్చీల్లో అమ్మ, పక్కనే అవ్వ. నాన్నకి ఆఫీసులో జెండా పండగ, రాలేదు. నేను తెర పక్క నుంచి కాలీడుస్తూ అడుగు పెట్టానో లేదో, ఇంకా ఒక్క మాటైనా అనకముందే జనం నవ్వారు. అవ్వ కూడా నవ్వింది. అటు పక్కావిడతో, "గా చీర నాదే!" అని చెప్పడం స్టేజీ మీదికి వినిపించింది. తర్వాత ఇల్లాలి వేషం వేసిన పిల్ల, "ఎల్లీ, దొడ్లోకెళ్ళి గోంగూర కోసుకురా" అంది. నేను, "గొంగడా అమ్మా? గింత ఎండల గొంగడెందుకమ్మా?" అంటూ ఒక నల్ల గొంగడి ఈడ్చుకొచ్చి ఆమె నెత్తిన కప్పాను. షామియానా ఎగిరిపోయేలా నవ్వారు. వెనక నుంచి ఎవరో మగాయన, "అచ్చం వీళ్ళలాగే చేసింది, ఇంతే వీళ్ళు!" అని చప్పట్లు కొట్టాడు. నేను గాలిలో తేలుతున్నాను. చప్పట్లు అంత మత్తుగా ఉంటాయని నాకు ఆ రోజే తెలిసింది. అవ్వ కొంగు నెత్తి మీదికి లాక్కుని, మొహం కిందికి దించుకోవడం చూశాను. ఎండేమో అనుకున్నాను.

బహుమతి టిఫిను డబ్బా ఊపుకుంటూ ఇంటికొచ్చేసరికి అవ్వ వసారాలో నులక మంచం మీద కూచుని ఉంది. పక్కన అండాలు. నన్ను చూడగానే అండాలు లేచి లోపలికి వెళ్ళిపోయింది. అవ్వ మాత్రం అమ్మని పిలిచింది. "బిడ్డా, జర కూసో. ఒకటి అడుగుత."

అమ్మ నిలబడే, "చెప్పండి పెద్దమ్మగారూ" అంది.

"పిల్ల మంచిగ మాట్లాడింది. అచ్చం నేను మాట్లాడినట్లే మాట్లాడింది. గట్లనే గదా మేమంత మాట్లాడేది? మరి అందరెందుకు నవ్విన్రు?"

"పిల్లలాట కదండీ..." అంది అమ్మ.

"పిల్లలాటనే. నేను పిల్లను అడుగుతలేను. నిన్ను అడుగుతున్న. నువ్వు గూడ నవ్వినవ్. అండ్ల నవ్వేదేమున్నది?"

కోపంగా అడిగితే అమ్మ ఏదో ఒకటి అని తప్పించుకునేది. అవ్వ కోపంగా అడగలేదు. తెలియక అడిగినట్టే, లెక్క అర్థం కాని పిల్ల మాస్టారుని అడిగినట్టే అడిగింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని పైకొచ్చేసింది. మంచినీళ్ళు తాగి గోడకి చేరబడింది. నేను టిఫిను డబ్బా చూపిస్తే పక్కన పెట్టమంది.

సాయంత్రం నాన్న వచ్చి, "ఏదీ మా ఎల్లి? ఏదీ, ఒకసారి అను!" అని మొదలుపెట్టగానే అమ్మ, "ఇక ఆ వేషాలు ఆపండి" అంది.

"సరదాకి కదే?"

"సరదాకే. మీ ఆఫీసులో మన మాటని ఎవరైనా ఇలా అంటే?"

నాన్న కండువా తీసి కొక్కేనికి తగిలించి, "అంటారుగా" అన్నాడు. "నా పేరే అక్కడ 'ఆయ్‌గారు'. నేను తలుపు తీసుకుని వెళ్ళగానే పది గొంతులు 'ఆయ్, రండి, కూకోండి' అంటాయి. చేరిన రోజు నుంచీ అదే."

అమ్మ తెల్లబోయింది. "ఎప్పుడూ చెప్పలేదే?"

"చెప్పడానికేముంది. నవ్వేసి ఊరుకుంటాను" అని స్నానానికి వెళ్ళిపోయాడు. ఆయన మోసుకొచ్చిన నవ్వునే మాకు భోజనాల దగ్గర పంచిపెట్టేవాడని నాకు చాలా ఏళ్ళకి గానీ అర్థం కాలేదు.

మర్నాడు అమ్మ ఆ చీర ఉతికి, గంజి పెట్టి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో మడతలు నిలిచేలా ఇస్త్రీ చేసి, నన్ను తీసుకుని కిందికి దిగింది. నేనే క్షమాపణ చెప్పాల్సి వస్తుందనుకున్నాను. అమ్మ నన్ను చెప్పమనలేదు. తనే అంది, నా ముందే అంది: "పెద్దమ్మగారూ, దీని తప్పేం లేదు. మిమ్మల్ని చూపించి నేర్పింది నేను. నవ్వడం కూడా మా దగ్గరే నేర్చుకుంది." మా అమ్మ ఒకరి ముందు తలవంచి మాట్లాడటం నేనప్పటిదాకా చూడలేదు. నాకు ఏడుపొచ్చేసింది. అవ్వ చీర చేతిలోకి తీసుకుని వేళ్ళతో నలిపి చూసింది. "గంజెందుకు పెట్టినవ్? నాకు ఒరుసుకపోతది గద" అంది. అంతే. మన్నించాననలేదు, మన్నించననీ అనలేదు. ఒక జొన్నరొట్టె చేతిలో పెట్టి నన్ను పంపించేసింది.

అండాలు మాత్రం మాట్లాడలేదు. ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు, దగ్గర దగ్గర నెల. బడికి నాకన్నా పదడుగులు ముందు నడిచేది. మా వంటింటి గడప ఎక్కడం మానేసింది. నేను పందిరి రాయి మీద ఒక్కదాన్నీ కూచుంటే అది రాయిలాగే ఉండేది, గుర్రం అయ్యేది కాదు.

వినాయకచవితి దగ్గరపడింది. మా కాలనీలో మొట్టమొదటి వినాయకుడు! ఆ హడావిడి ఎలా చెప్పను! చందాలడిగేవాళ్ళు, వెదురుబొంగులు మోసేవాళ్ళు, సీరియల్ లైట్లు తగిలించేవాళ్ళు. ఎల్లి నాటిక సంగతి విన్న కాలనీ పెద్దలు మూడోరోజు సాయంత్రం పందిట్లో మళ్ళీ వేయమని అడగడానికి మా ఇంటికొచ్చారు. నేను ఎగిరి గంతెయ్యబోయి అమ్మ మొహం చూశాను. అమ్మ, "వేస్తాంగానీ, కొంచెం మారుస్తాం" అంది. వాళ్ళటు వెళ్ళగానే తిన్నగా కిందికి దిగి, అండాలు ముందు గొంతుక్కూచుంది. "అండాలూ, ఈసారి అమ్మగారివి నువ్వు. మా సుజ నీ పనిమనిషి. నువ్వు మీ ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాలి. అది మాలాగా మాట్లాడుతుంది. ఆడతావా?"

అండాలు కళ్ళు పెద్దవయ్యాయి. అడ్డొచ్చింది నర్సింహారెడ్డి గారు. "వద్దు మేడంగారూ. గా మాటలు మర్వాలెనని నేను పరేషానైతుంటే, మైకుల మాట్లాడుడా? అందరి ముంగట ఇజ్జత్ పోతది."

మంచం మీద నుంచి అవ్వ గొంతు ఖంగుమంది. "ఏందిరా? నీ అవ్వ మాట ఇంట్ల బువ్వ వెట్టనీకి పనికొస్తది, మైకుల పనికిరాదా? గీ మాటతోనే గాదా నిన్ను పెంచింది?"

ఆయన మెడ గోక్కుంటూ బయటికి వెళ్ళిపోయారు. అది ఒప్పుకోవడమేనని అవ్వ తేల్చేసింది.

ఇక చూడండి, మా డాబా మీద రిహార్సళ్ళు! అమ్మ కాగితం పట్టుకుని రాస్తుంటే అవ్వ పైకి తెప్పించుకున్న మంచం మీద నుంచి కొట్టేస్తుంది. "అమ్మగారు గట్ల అనది, గిట్లంటది." అండాలు మొదట గుసగుసగా అనేది. అవ్వ, "గట్టిగ! బర్రెలను మలిపేటప్పుడు ఒర్రుతవ్ గద, గట్ల!" అని కేకలేసేది. మూడో రోజుకి అది అవ్వ చీర చుట్టుకుని నిజంగానే బర్రెలు బెదిరేలా అరిచింది. అరిచి, నా వైపు చూసి, నెల రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది. నేను వెళ్ళి వాటేసుకున్నాను. "చీర మళ్ళ నల్గుతది, జరుగు" అంది. మాట్లాడింది!

గొంగడి ముచ్చట తీసేశాక దాని బదులు మంచి హాస్యం ఒకటి కావాల్సొచ్చింది. అప్పుడు అవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుని చెప్పింది. మేం ఆ ఇంట్లో దిగిన మొదటి రోజు ఆవిడ మెట్లెక్కి వచ్చి, ఆయాసంతో, "దూపైతుంది బిడ్డా" అందిట. దాహమేస్తోందని. అమ్మకి ఆ మాట తెలియదు. కొత్తింట్లో పెద్దావిడ దూపం వెయ్యమంటోంది కాబోలనుకుని, నిప్పులు చేసి, సాంబ్రాణి వేసి, పొగ ఆవిడ చుట్టూ తిప్పిందిట! "దగ్గలేక సచ్చిన. నీళ్ళు మా ఇంటికి పోయి తాగిన" అని అవ్వ పొర్లి పొర్లి నవ్వింది. "ఇది పెడదామా?" అంది అండాలు. అమ్మ మొహం ఎర్రబడింది. కలం మూసి, తెరిచి, "పెట్టండి" అంది.

ఆ సాయంత్రం పందిరంతా జనం. పిల్లలు వెదురుబొంగులెక్కి కూచున్నారు. అండాలు పట్టుచీరలో, మెడలో అవ్వ గుండ్లపేరు వేసుకుని, మైకు ముందు నిలబడి, "ఏయ్ పిల్లా! పొద్దటి సంది దూపైతుంది, జర జల్ది తే!" అంది. ఒక పక్కన కూచున్న ఇక్కడి ఊరివాళ్ళకి అర్థమైపోయి ముందే నవ్వారు. మావాళ్ళు అయోమయంగా చూస్తున్నారు. నేను, "ఇప్పుడేనా అమ్మగారూ? చిత్తం. ఆయ్" అని, సాంబ్రాణి కుంపటి తెచ్చి దాని చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేశాను. "ఓ నీ అవ్వ, దూపంటే నీళ్ళే!" అని అండాలు దగ్గుతూ అరిచేసరికి ఈసారి అందరూ ఒకేసారి పగలబడ్డారు. తర్వాత అది ఆకుకూర కట్ట ఊపుతూ, "పుంటికూర కడుగు" అంది. "ఇది గోంగూర కదండీ." "పుంటికూర!" "గోంగూరండీ!" మేమిద్దరం గొంతులు పెంచుతుంటే పందిట్లో ఇటు సగం "గోంగూర!" అటు సగం "పుంటికూర!" అని అందుకున్నారు. మధ్యలోంచి తమిళావిడ లేచి "పుళిచ్చకీరై!" అని కేక పెట్టింది. మరాఠీ ఆయన కుర్చీ ఎక్కి "అంబాడీ! అంబాడీ!" అన్నాడు. నాటిక అక్కడితో ఆగిపోయింది. మాకు చివరి డైలాగులు చెప్పే అవకాశమే రాలేదు. ఇద్దరం స్టేజీ మీద చేతులు పట్టుకుని గెంతుతూనే ఉన్నాం. నర్సింహారెడ్డి గారు వెనక స్తంభం దగ్గర నిలబడి, గొంతు చించుకుని "పుంటికూర" అని అరవడం నేను నా కళ్ళారా చూశాను.

అందరికీ నచ్చిందని చెప్పను. మావైపువాళ్ళు ఒకరిద్దరు, "అదేంటమ్మా, మన పిల్లని పనిమనిషిని చేశావు?" అని అమ్మని నిలదీశారు. "మొన్న చేసినప్పుడు అడగలేదేం?" అంది అమ్మ.

ఆ రాత్రి నా జడ విప్పుతూ అమ్మ ఒక సంగతి చెప్పింది. సాంబ్రాణి పొగ దగ్గర అవ్వ పట్టలేక, ముందు వరసలో లేచి, "గిది నిజమే! గీ బిడ్డనే పొగ వెట్టింది నాకు!" అని అమ్మని చూపించిందిట. జనమంతా అమ్మ వైపు తిరిగి నవ్వారు. "మొదట నాకూ నవ్వొచ్చిందే. తర్వాత చూస్తే అందరూ నన్నే చూసి నవ్వుతున్నారు. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అది చూసి పెద్దమ్మగారు గబుక్కున కూచుని నా చెయ్యి పట్టుకున్నారు. నాటకం అయ్యేదాకా వదల్లేదు." అమ్మ దువ్వెన ఆపింది. "ఆ రోజు బళ్ళో ఆవిడ చెయ్యి ఎవరు పట్టుకున్నారు? పక్కన కూచున్నది నేనే. నేను నవ్వుతున్నాను."

ఇప్పుడు మా మియాపూర్ అపార్టుమెంట్లో ఒడియా వాళ్ళు, బెంగాలీలు, బీహారు వాళ్ళు, కేరళ వాళ్ళు ఉన్నారు. మనవరాలి బళ్ళో ఏడాదికోసారి ఒక్కో రాష్ట్రం బట్టలు వేయించి, అందరం ఒకటేనని పాట పాడిస్తారు. ముచ్చటగానే ఉంటుంది. మా చిన్నప్పుడు మాకు అలాంటి పాటలెవరూ నేర్పలేదు, మనుషుల గురించి కూచోబెట్టి పాఠం చెప్పిందీ లేదు. పెద్దవాళ్ళు భోజనాల దగ్గర ఎవర్ని చూసి నవ్వారో చూసి నేర్చుకున్నాం. మొన్న ఒకరోజు మా అబ్బాయి అన్నం తింటూ మా వాచ్‌మన్ హిందీని అనుకరించాడు. మనవరాలు కిలకిలా నవ్వింది. ఒప్పుకుంటున్నాను, ఒక్క క్షణం నేనూ నవ్వాను. ఆ తర్వాతే, "వద్దురా, పిల్ల చూస్తోంది" అన్నాను. "సరదాకి కదమ్మా" అన్నాడు, అచ్చం వాళ్ళ తాతలా. అప్పటి మా అమ్మలా, తప్పు నాదేనని పిల్ల ముందే పక్కింటికి వెళ్ళి చెప్పే ధైర్యం ఇప్పుడు మాలో ఎంతమందికి ఉందో తెలియదు. పక్కింటి తలుపు తట్టడానికే ముందు ఫోన్ చేస్తున్నాం.

రాష్ట్రం కోసం ఊరంతా రోడ్ల మీద ఉన్న రోజులు గుర్తొస్తాయి. అప్పటికి నాన్న లేరు. అమ్మ హయత్‌నగర్ దగ్గర మా సొంతింట్లో ఉండేది. ఒక మధ్యాహ్నం అండాలు ఊరేగింపు నుంచి తిన్నగా అక్కడికొచ్చింది. మొహం ఎండకి కందిపోయింది, అరిచి అరిచి గొంతు పోయింది. నేను అక్కడే ఉన్నాను.  అమ్మ మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, ఎదురుగా కూచుని సూటిగా అడిగేసింది. "మీ రాష్ట్రం మీకొస్తే మమ్మల్ని ఉండమంటారా, పొమ్మంటారా?"

అండాలు గ్లాసు కింద పెట్టింది. "చిన్నమ్మా, నా మాట నా నోట్లె ఉండాలెనని కొట్లాడుతున్న. నీ నోట్లెకెల్లి నీ మాట గుంజుకోనీకి గాదు."

 అమ్మ గ్లాసు అందుకుని లేచింది. "అయితే ఇంకాస్త సల్ల పొయ్యమంటావేంటే? ఎండ మండిపోతోంది కదా" అంది.

సల్ల అన్న మాటని తణుకు యాసలో అనగలిగిన మనిషిని నేను మా అమ్మనొక్కదాన్నే చూశాను.